పేలని రెండు తుపాకులు: డేర్‌డెవిల్, పనిషర్ ఎక్కడ విడిపోతారు?

న్యూయార్క్‌లో ఒక మేడ. ఎర్ర దుస్తుల మనిషిని గొలుసులతో కట్టేసి ఉంచారు. అతని చేతిలో ఒక తుపాకీ. దాన్ని ఆ చేతిలో పెట్టినవాడు ఎదురుగానే ఉన్నాడు. నల్ల చొక్కా, గుండెల మీద పెద్ద తెల్ల పుర్రె బొమ్మ. కింద వీధిలోకి కాసేపట్లో ఒక మాఫియావాడు వస్తాడు. పుర్రె బొమ్మ మనిషి అతన్ని చంపబోతున్నాడు. ఆపాలంటే ఎర్ర దుస్తుల మనిషికి ఒకటే దారి, ఎదురుగా ఉన్నవాణ్ని కాల్చడం. కాల్చకపోతే ఒక చావును చూస్తూ ఊరుకున్నట్టు. కాల్చితే తను కూడా హంతకుడైనట్టు.

అతను ట్రిగ్గర్ నొక్కాడు. టిక్ మని చప్పుడొచ్చింది, అంతే. తుపాకీలో గుండును పేల్చే ఫైరింగ్ పిన్ ముందే తీసేసి ఉంది. పుర్రె బొమ్మ మనిషి తాపీగా తన పని పూర్తిచేసుకున్నాడు.

ఆ ఎర్ర దుస్తుల మనిషి డేర్‌డెవిల్, రెండోవాడు పనిషర్. 2000లో గార్త్ ఎన్నిస్ రాసి, స్టీవ్ డిల్లన్ గీసిన పనిషర్ కామిక్‌లో మూడో సంచికలోది ఈ ఘట్టం. 2016లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ డేర్‌డెవిల్ రెండో సీజన్‌లో దీన్నే కొంచెం మార్చి తీశారు. మనలో చాలామంది ముందు చూసింది అదే. అందులో తుపాకీ పేలుతుంది. కానీ డేర్‌డెవిల్ మనిషిని కాల్చకుండా గొలుసును కాల్చి తెంపుకుంటాడు. అప్పటికీ ఆ చావు మాత్రం ఆగదు.

కామిక్‌లో ఆ 'టిక్' చదివినప్పుడు వాదన అక్కడితో ముగిసిపోయిందనుకున్నాను. చంపనని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నవాడు, తప్పనిసరైతే చంపుతాడని తేలిపోయింది కదా. ఇద్దరికీ తేడా లేనట్టే కదా. చాలాకాలం అలాగే నమ్మాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే వీళ్లిద్దరి కథలోకి కొంచెం లోపలికి వెళ్లాలి.

మ్యాట్ మర్డాక్, అంటే డేర్‌డెవిల్, 1964లో పుట్టిన పాత్ర. స్టాన్ లీ రాశాడు, బిల్ ఎవరెట్ గీశాడు. చిన్నప్పుడు లారీ కింద పడబోతున్న ముసలాయన్ని పక్కకు తోసేస్తే, ఆ లారీలోని రేడియోధార్మిక పదార్థం కళ్లలో పడి చూపు పోయింది. మిగతా ఇంద్రియాలు మాత్రం మామూలు మనిషికి అందనంత పదునెక్కాయి. తండ్రి జాక్ బాక్సర్. ఓడిపోవడానికి ఒప్పుకోమని ముఠా ఒత్తిడి పెట్టినా, కొడుకు చూస్తున్నాడని గెలిచాడు. అందుకే చంపేశారు. మ్యాట్ పెద్దయ్యాక లాయరయ్యాడు. పగలు కోర్టు, రాత్రి హెల్స్ కిచెన్ పేట సందుల్లో ముసుగు.

ఫ్రాంక్ క్యాజిల్, అంటే పనిషర్, పదేళ్ల తర్వాత 1974లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో విలన్ లాంటి పాత్రగా వచ్చాడు. రాసింది జెర్రీ కాన్వే. వియత్నాంలో పోరాడిన మెరైన్ సైనికుడు. భార్యతో, ఇద్దరు పిల్లలతో సెంట్రల్ పార్కుకు వెళ్లినప్పుడు ముఠావాళ్లు చేసిన హత్య కంటపడింది. చూసినందుకు కుటుంబాన్నంతా కాల్చేశారు. అతనొక్కడే బతికాడు. అతీంద్రియ శక్తులేమీ లేవు. తుపాకులు, ఓపిక, సైన్యం నేర్పిన పద్ధతి, అంతే.

పనిషర్ అనగానే మనకు 'పగ' అన్న మాట నోటికొస్తుంది. పెళ్లాం బిడ్డల్ని చంపినవాళ్లను వేటాడే మనిషి కథ మనకు కొత్తది కాదు, మన సినిమాల్లో సగం అవే. కానీ పగకు చివర ఒకటుంటుంది. ఆఖరి శత్రువు పడిపోతాడు, హీరో అలసిపోయి కూర్చుంటాడు, పేర్లు పడతాయి. క్యాజిల్ కుటుంబాన్ని చంపినవాళ్లు ఎప్పుడో చచ్చిపోయారు. అయినా అతను ఆగలేదు. 2003లో ఎన్నిస్, డారిక్ రాబర్ట్‌సన్ కలిసి తెచ్చిన నాలుగు సంచికల కథ ఒకటి ఈ ముడిని విప్పుతుంది. 1971, వియత్నాంలో వ్యాలీ ఫోర్జ్ అనే చిన్న సైనిక శిబిరం. అందరూ ఇంటికెప్పుడు పోతామా అని రోజులు లెక్కపెట్టుకుంటుంటే, యుద్ధం అయిపోతుందేమోనని క్యాజిల్‌కు దిగులు. అతని లోపల ఒక గొంతు మాట్లాడుతుంటుంది. ఎప్పటికీ ముగియని యుద్ధం నీకిస్తాను, బదులుగా ఒకటి తీసుకుంటాను అంటుంది. అతను సరేనంటాడు. ఇచ్చుకున్నదేమిటో ఇల్లు చేరాక గానీ తెలియదు.

ఆ కథ చదివాక సెంట్రల్ పార్కు వేరేగా కనబడుతుంది. పిల్లల చావు అతనికి యుద్ధాన్ని ఇవ్వలేదు. యుద్ధానికి ఒక కారణాన్ని ఇచ్చింది. అతని బాధ నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ బాధ నిజమైనదైనంత మాత్రాన ఆ బాధ చేయించే పనులన్నీ న్యాయమైపోవు.

సరే, క్యాజిల్ వాదనను దాని బలమైన చోటే పట్టుకుందాం. ఆ చోటు పేరు బుల్స్‌ఐ. ఏ వస్తువును విసిరినా గురి తప్పని కిరాయి హంతకుడు. 1981 మార్చి డేర్‌డెవిల్ సంచికలో, అంటే 169వ దానిలో, బుల్స్‌ఐ మెదడులో కణితి. కనబడ్డ ప్రతివాడూ డేర్‌డెవిల్ లాగే అనిపించి ఊళ్లో జనాన్ని చంపుకుంటూ పోతాడు. చివరికి మెట్రో పట్టాల మీద స్పృహ తప్పి పడిపోతాడు. రైలు వస్తోంది. డేర్‌డెవిల్ ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. ఒక్క క్షణం నిలబడ్డాడు కూడా. తర్వాత లాగేశాడు. వీడు రేపు చంపబోయే వాళ్ల సంగతేమిటి అని పోలీసు అధికారి నిలదీస్తాడు. వాడు చావాలని నాకూ ఉంది, కానీ నేను దేవుణ్ని కాను, చట్టాన్ని కాను, హంతకుణ్ని కూడా కాను అన్న అర్థంలో జవాబు చెప్తాడు. రాసింది, గీసింది ఫ్రాంక్ మిల్లర్.

డాక్టర్లు కణితి తీసేశారు. బుల్స్‌ఐ కోలుకున్నాడు. 1982 ఏప్రిల్, 181వ సంచికలో, డేర్‌డెవిల్ ప్రేమించిన ఎలెక్ట్రాను ఆమె ఆయుధంతోనే పొడిచేశాడు. ఆమె ఈడ్చుకుంటూ అతని ఇంటి దాకా వచ్చి, అతని చేతుల్లో పోయింది.

పదమూడు నెలలు. పట్టాల మీద నుంచి లాగిన చెయ్యికీ, ఎలెక్ట్రాకూ మధ్య దూరం అంతే. ఇక్కడ క్యాజిల్ కొత్తగా ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ రెండు సంచికల్నీ పక్కపక్కన పెడితే చాలు. నువ్వు కొడితే వాళ్లు మళ్లీ లేస్తారు, నేను కొడితే లేవరు. అతని వాదనంతా ఇంతే. దీన్ని విని తల ఊపనివాళ్లు తక్కువ. నేనూ ఊపినవాణ్నే.

అయితే ఒకటి గమనించాలి. కామిక్ చదివేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు. బుల్స్‌ఐ మళ్లీ మళ్లీ తిరిగి రావడానికి అసలు కారణం డేర్‌డెవిల్ జాలి కాదు. నెలనెలా కొత్త సంచిక రావాలి, దానికి మంచి విలన్ కావాలి. జనం మెచ్చిన విలన్‌ను ఏ ప్రచురణకర్తా పోగొట్టుకోడు. అందుకే కథలోని జైళ్లకు తాళాలు నిలవవు, చచ్చినవాళ్లూ తిరిగొస్తారు. ఎలెక్ట్రాయే తిరిగొచ్చింది. డేర్‌డెవిల్ పద్ధతి ఎప్పుడూ ఓడిపోతున్నట్టు కనబడటానికి కొంత కారణం ఈ వ్యాపారం.

అలాగే పనిషర్ పద్ధతి ఎప్పుడూ సరిగ్గా పనిచేస్తున్నట్టు కనబడటానికీ ఒక కారణం ఉంది. అతను చంపేవాడు నేరస్థుడని మనకు ముందే తెలుసు. మూడు పేజీల ముందు ఆ నేరం బొమ్మల్లో మన కళ్ల ముందే జరిగింది. సాక్షి అబద్ధం చెప్పడు, పేరు పొరపాటు రాదు, ముఖం పోలికతో ఇంకొకడు దొరికిపోడు. రచయితకు అన్నీ తెలుసు, ఆ తెలివిని క్యాజిల్‌కు అప్పిచ్చాడు. అందుకే అతని గుండుకు విచారణ అక్కర్లేదు. అది విచారణ అయిపోయాకే బయల్దేరుతుంది, ఆ విచారణ చేసింది మనం. పాఠకుడి కుర్చీలో కూర్చుని చూస్తే పనిషర్ సరిగ్గానే కనబడతాడు. అదే కథను క్యాజిల్ నిలబడ్డ చోటి నుంచి చూడండి. చీకటి, దూరంగా ఒక మనిషి, ఎవరో చెప్పిన ఒక పేరు. అంతే అతనికి తెలిసింది.

కథ బయట ఆ అప్పు ఎవరికీ దొరకదు. అమెరికాలోనే 1973 నుంచి ఇప్పటివరకు మరణశిక్ష పడ్డవాళ్లలో 190 మందికి పైగా తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇద్దరు పక్షాల లాయర్లు, జడ్జి, జ్యూరీ, అప్పీళ్లు, ఇన్ని ఉండి జరిగిన పొరపాట్లవి. ఒక్కడు, ఒక తుపాకీతో, ఒక రాత్రిలో తేల్చేస్తే ఎన్ని జరుగుతాయి? జరిగినవాటిలో ఎన్ని బయటికొస్తాయి? చచ్చినవాడు అప్పీలు చేసుకోలేడు.

ఈ మాట రాస్తుంటే నాకు 2019 డిసెంబరు 6 గుర్తొస్తుంది. దిశ కేసులో నలుగురు నిందితులు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పొద్దున్నే టీవీలో వచ్చింది. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆ ఉదయం నేనూ ఊపిరి పీల్చుకున్నాను, దాచుకోను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. వాళ్లు నేరం చేశారో లేదో నేను చెప్పడం లేదు. కోర్టు తేల్చాల్సింది తేల్చే అవకాశమే లేకుండా పోయింది. ఆ అమ్మాయికి ఏం జరిగిందో, ఎవరు చేశారో సాక్ష్యాలతో కోర్టులో రుజువై రికార్డులోకి ఎక్కే అవకాశం కూడా అక్కడే పోయింది. క్యాజిల్ పద్ధతి బాధితుల పేరు మీద నడుస్తుంది. వాళ్లకు రావాల్సిన ఆ రుజువును మాత్రం తనతో పాటు పాతిపెట్టేస్తుంది.

మరి డేర్‌డెవిల్ చేతులు శుభ్రమా? కాదు. ఇక్కడ అతని అభిమానులు, అంటే నాలాంటివాళ్లు, కొంచెం తల దించుకోవాలి.

అతనికి ఎదుటి మనిషి గుండె చప్పుడు వినబడుతుంది. అబద్ధం చెప్పగానే ఆ లయ మారుతుంది. ఎవరు నిజం దాస్తున్నారో ఈ ప్రపంచంలో ఎవరికన్నా బాగా తెలిసినవాడు అతనే. ఆ తెలిసినదాన్ని కోర్టులో ఒక్క ముక్క కూడా వాడుకోలేడు. వాడుకోకూడదు కూడా. గుండె భయానికీ కొట్టుకుంటుంది, సిగ్గుకీ కొట్టుకుంటుంది. కాబట్టి రాత్రి ముసుగు వేసుకుని, తెలిసినదాన్ని పిడికిళ్లతో నిర్ధారించుకుంటాడు. మేడ అంచు నుంచి మనుషుల్ని తలకిందులుగా వేలాడదీసి పేర్లు చెప్పించుకుంటాడు. మన భాషలో దీనికి చక్కటి పేరుంది, థర్డ్ డిగ్రీ. అలా రాబట్టిన మాటను ఏ కోర్టూ నమ్మకూడదని వాదించాల్సిన లాయరు పొద్దున్నే అతనే. అతని కేసుల్లో నిందితుడికి డబ్బులేని రోజు ఉచితంగా వాదించేదీ అతనే. ఇది చిన్న వైరుధ్యం కాదు, ఆ పాత్ర మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మొదటి సంచికే చూడండి. తండ్రిని చంపించిన ఫిక్సర్ అనేవాణ్ని డేర్‌డెవిల్ తరుముతాడు. పరుగెత్తి పరుగెత్తి వాడు గుండె ఆగి చచ్చిపోతాడు. తుపాకీ పేల్చిన అనుచరుణ్ని మాత్రం నోరు జారేలా చేసి పోలీసులకు అప్పగిస్తాడు. తొలి రాత్రే ఒక చావు. చంపలేదు నిజమే, కానీ అతను తరమకపోతే ఆ గుండె ఆగేదీ కాదు. దాన్ని ఆ కథ పెద్దగా పట్టించుకోకుండా దాటేసింది. తర్వాతి రచయితలు పట్టించుకున్నారు.

2017లో చార్ల్స్ సోల్ రాసిన కథలో మ్యాట్ ఈ గొడవను నేరుగా సుప్రీంకోర్టుకే తీసుకెళ్తాడు. ముసుగు మనిషి తన అసలు పేరు చెప్పకుండా సాక్ష్యం ఇవ్వొచ్చా అన్నది కేసు. సోల్ స్వయంగా లాయరు కాబట్టి ఆ వాదనల్లో పస ఉంది. నిందితుడికి తన మీద సాక్ష్యం చెప్పేవాడెవరో తెలుసుకునే హక్కు లేదా అన్న ప్రశ్న గట్టిదే. మ్యాట్ గెలుస్తాడు, కానీ ఎదుటి పక్షం మాట నాకు ఇంకా సరైనదిగానే వినబడుతుంది.

ఆ తర్వాత 2019లో చిప్ జడార్‌స్కీ అసలు ముల్లునే లాగాడు. గాయాల నుంచి పూర్తిగా కోలుకోకముందే డేర్‌డెవిల్ వీధిలోకి దిగుతాడు. చిల్లర దొంగల్ని కొడతాడు. వాళ్లలో ఒకడు చచ్చిపోతాడు. పేరున్న పెద్ద విలన్ కాదు, మామూలు దొంగ. మొదట అతను నమ్మడు, ఎవరో ఇరికించారనుకుంటాడు. క్యాజిల్ ఎదురుపడతాడు, నువ్వూ మా దారిలోకి వచ్చావన్నట్టు. డేర్‌డెవిల్ అతనితో పోడు. చాలా సంచికల తర్వాత, నేరం ఒప్పుకుని, ముసుగుతోనే జైలుకెళ్తాడు.

నాకు తేడా కనబడింది ఇక్కడే. మేడ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఇద్దరూ ఒకటేనని తేలిందనుకున్నాను కదా. నొక్కే వేలు ఇద్దరికీ ఉందని మాత్రమే తేలింది. వేలు అందరికీ ఉంటుంది. తప్పు చేశాక ఏం జరుగుతుందన్న దగ్గర వీళ్లు విడిపోతారు. డేర్‌డెవిల్ తప్పు చేస్తే దాన్ని తప్పు అనగలిగినవాళ్లు మిగిలే ఉంటారు. దెబ్బలు తిన్నవాడు ఆస్పత్రిలో బతికి ఉంటాడు, కేసు పెట్టగలడు. జడ్జి సాక్ష్యం చెల్లదని కొట్టేయగలడు. ఆఖరికి డేర్‌డెవిల్‌నే బోనెక్కించి శిక్ష వేయగలరు, వేశారు కూడా. క్యాజిల్ లోకంలో అతనికి 'ఆగు, నువ్వు పొరబడ్డావు' అని చెప్పగలిగిన కుర్చీ ఏదీ లేదు. ఉన్న ఒక్కడూ గొలుసులతో కట్టేసి ఉన్నాడు, చేతిలో పేలని తుపాకీతో.

క్యాజిల్‌కూ ఒక నిజాయితీ ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. తనను ఎవరూ అనుకరించకూడదనుకుంటాడు. అమెరికాలో సైనికులు, పోలీసులు అతని పుర్రె గుర్తును బండ్ల మీద, హెల్మెట్ల మీద, చొక్కాల మీద అంటించుకోవడం మొదలుపెట్టారు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద పడ్డ గుంపులోనూ ఆ గుర్తు కనబడింది. చట్టం ఓడిపోయిందని చెప్పడానికి పుట్టిన పాత్ర గుర్తును చట్టాన్ని కాపాడాల్సినవాళ్లు పెట్టుకోవడం తప్పని కాన్వే 2019లో గట్టిగా అన్నాడు. అదే ఏడాది వచ్చిన ఒక పనిషర్ సంచికలో ఇద్దరు పోలీసులు అభిమానంగా అతనితో ఫొటో దిగబోతారు. వాళ్ల కారు మీద పుర్రె స్టిక్కర్. క్యాజిల్ దాన్ని చింపేస్తాడు. మీరు ప్రమాణం చేశారు, నేను ఎప్పుడో వదిలేశాను, మీకు ఆదర్శం కావాలంటే కెప్టెన్ అమెరికా ఉన్నాడు అంటాడు. తన దారి ఇంకెవరికీ పనికిరాదని క్యాజిల్‌కు తెలుసు. స్టిక్కర్ అంటించుకున్నవాళ్లకే తెలియలేదు.

ఇంకో పేలని తుపాకీ మిగిలింది.

ఎలెక్ట్రా చనిపోయిన ఆ సంచికలోనే ఇంకొకటి జరిగింది. ఎత్తు మీద పోరాటం, కింద వీధి, బుల్స్‌ఐ వేలాడుతున్నాడు. వాడి చెయ్యి డేర్‌డెవిల్ చేతిలో ఉంది. ఆ స్థితిలోనూ వాడు పొడవబోయాడు. ఇక నువ్వు ఎవరినీ చంపలేవు అని డేర్‌డెవిల్ ఆ చెయ్యి వదిలేశాడు. పట్టాల మీద నుంచి లాగిన చెయ్యే. వాడు చావలేదు గానీ ఒళ్లంతా చచ్చుబడి ఆస్పత్రి మంచానికి అంటుకుపోయాడు.

1983 ఫిబ్రవరి, 191వ సంచిక. రాత్రి డేర్‌డెవిల్ ఆ గదిలోకి వస్తాడు. కదల్లేని బుల్స్‌ఐ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. చేతిలో రివాల్వర్, దాని అరల్లో ఒక్కదానిలోనే గుండు ఉందన్నట్టు. ఒకసారి వాడి వైపు నొక్కుతాడు, ఒకసారి తన తలకు పెట్టుకుని నొక్కుతాడు. మధ్యలో ఒక కథ చెప్తుంటాడు. ఒక పిల్లాడు ఉన్నాడు, డేర్‌డెవిల్ అంటే పిచ్చి అభిమానం. టీవీలో డేర్‌డెవిల్ మనుషుల్ని కొట్టడం చూసి చూసి, బడికి తుపాకీ తీసుకెళ్లి తోటి పిల్లాణ్ని కాల్చాడు. వాడికి ఆ పని నేర్పింది నేనేనా అని అడుగుతాడు, మంచం మీదివాణ్ని కాదు, తనను తనే. ట్రిగ్గర్ నొక్కుతాడు. తన చిన్నతనం చెప్తాడు. తాను ఎప్పుడో ఒకసారి గొడవ పడి ఇంటికొస్తే తండ్రి జాక్ కొట్టాడు. ప్రాణంగా ప్రేమించే తండ్రి. ఆ రాత్రి పిల్లాడు ఇల్లు వదిలి పారిపోయి, నాన్నే తప్పు చేయగలిగితే ఎవరైనా చేయగలరు, అందుకే మనుషుల మీద మనుషుల కన్నా పెద్దది, నియమం లాంటిది ఒకటి ఉండాలి అనుకున్నాడు. అతను లాయరయింది తండ్రి హత్య వల్ల కాదు, ఆ ఒక్క దెబ్బ వల్ల.

మంచం మీద బుల్స్‌ఐ కళ్లు మాత్రం కదులుతున్నాయి. లెక్క ప్రకారం గుండు ఆఖరి అరలోనే ఉండాలి, వంతు బుల్స్‌ఐది. డేర్‌డెవిల్ తుపాకీని వాడి మీదికి గురిపెట్టి నొక్కుతాడు.

టిక్.

తుపాకీలో మొదటి నుంచీ గుళ్లు లేవు. మనం ఒకరికొకరం తగులుకున్నట్టే ఉన్నాం, వదిలించుకోలేం అని బుల్స్‌ఐతో అని, డేర్‌డెవిల్ కుర్చీలోనే కూర్చుండిపోతాడు.